పంపు పలికిన చెయ్యి

మా ఆయనతో నేను మాట్లాడేది ఆయన కుడి అరచేతి మీద.

పామాయిలు మిల్లులో ఏళ్ళ తరబడి మరల మోత మధ్య నిలబడి నిలబడి ఆయన చెవులు మెల్లగా మూతపడ్డాయి. ముందు పిచ్చుకల కిచకిచ పోయింది. తర్వాత కుక్కరు కూత, ఆ తర్వాత నా గొంతు. డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే తలలో లారీ తిరుగుతున్నట్టుందని తీసి గూట్లో పడేశారు. ఒకసారి ద్వారకా తిరుమల నుంచి తిరిగి వస్తుంటే బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మా ఊరు వచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక ఆయన చెయ్యి లాక్కుని అరచేతిలో వేలితో "దిగాలి" అని రాశాను. ఆయన లేచి నిలబడ్డారు. ఇంటిదాకా నడుస్తూ చెయ్యి మళ్ళీ చాపి, "ఇంకేవన్నా రాయి" అన్నారు.

ఫోనులో రాసి చూపించొచ్చు కదమ్మా అని రాజోలులో ఉన్న మా అమ్మాయి అంటుంది. నిజమే, కూర మాడిందని ఫోనులోనూ చెప్పొచ్చు. కానీ గుళ్ళో వరసలో నిలబడి ముందున్నావిడ చీర గురించి చెప్పుకోవాలన్నా, పొయ్యి ముందు కూర్చుని వెనక్కి తిరక్కుండానే ఉప్పందుకోమనాలన్నా, అరచెయ్యే నయం. రాసింది ఇంకొకళ్ళకి కనబడదు. రాసి తుడుచుకోనక్కర్లేదు. నేను చదివింది పదో తరగతే అయినా నా వేలి రాత కుదురుగా ఉంటుందని ఆయనే అనేవారు.

ఆయన పేరు అమ్మిరాజు. మిల్లులో గేరు పంపు చూసుకుంటారు. నేను అదే మిల్లు క్యాంటీనులో వంట చేస్తాను.

గెలలు ఉడికించి పిండిన నూనె వేడి తగ్గితే నెయ్యిలా పేరుకుంటుంది. దాన్ని మామూలు మోటారు లాగలేదు. గేరు పంపులో పళ్ళున్న చక్రాలు రెండు ఒకదాన్నొకటి కరుచుకుని తిరుగుతూ, పళ్ళ సందుల్లో నూనె పట్టుకుని అవతలికి తోస్తాయి. అది మహా మొండిదని ఆయన ఎప్పుడూ చెబుతారు. ముందు దారి ఉందా లేదా అని చూడదట. వాల్వు మూసేసి ఉన్నా తోస్తూనే ఉంటుంది, పైపు అయినా పగలాలి, తనైనా విరగాలి. అందుకే దానికి పక్కన రిలీఫ్ వాల్వు పెడతారు, ఒత్తిడి ఎక్కువైతే అది తెరుచుకుని నూనెని వెనక్కి వదిలేస్తుంది. నూనె లేకుండా ఉత్తగా తిప్పితే పళ్ళు ఒకదాన్నొకటి అరగదీసుకుని కాలిపోతాయి. లోపలికొచ్చే దారిలో జల్లెడ పీచుతో పూడుకుపోతే గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు చేస్తుంది. ఇవన్నీ ఆయన వినికిడితోనే పట్టేవారు. చెవులు పోయాక మేనేజరు ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెడదామనుకున్నారు. ఆ మాట తెలిసిన రోజు ఆయన అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచిపోయారు.

సరిగ్గా అప్పుడే కొత్త పరికరం ఒకటి పరీక్షించడానికి యామిని మా మిల్లుకి వచ్చింది. హైదరాబాదులో ఏదో పరిశోధనశాలలో ఇంజనీరు. చిన్న పిల్లలా ఉంటుంది గానీ పంపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గంటలు గంటలు పనిచేసేది. పంపు ఒంటి మీద, ఇరుసు దగ్గర, పైపుల మీద గింజలంతేసి బిళ్ళలు అతికించింది. అవి పంపు లోపల జరిగేదంతా పట్టి ఒక పట్టీకి పంపిస్తాయి. ఆ పట్టీ మణికట్టుకి కట్టుకుంటే చెయ్యి నరానికి నేరుగా అందుతుంది. చర్మం మీద తాకినట్టు కాదట, చెయ్యే పంపు అయినట్టు ఉంటుందట.

మొదటి రోజు పట్టీ కట్టుకుని పంపు నడిపి, ఆయన తిన్నగా క్యాంటీనుకి వచ్చారు. పొయ్యి దగ్గర నా పక్కన నిలబడ్డారు.

"సుభద్రా, అది మాటాడతంది" అన్నారు.

కళ్ళు తడిగా ఉన్నాయి. నూనె చక్కగా వస్తుంటే పిల్లి వీపు నిమిరినట్టు ఉందట. జల్లెడ పూడుకుంటుంటే అరచేతిలో ఇసక పోసినట్టు. ముందు వాల్వు బిగిసి ఉంటే ఎవరో మణికట్టు పట్టుకుని నొక్కినట్టు. నేను ఆయన చేతిలో "మీకు చెవులొచ్చాయి" అని రాశాను. ఆయన గట్టిగా నవ్వారు. ఆ రోజు పాయసం చేసి అమ్మవారికి నైవేద్యం పెట్టి, యామినికి కూడా గిన్నెలో పట్టుకెళ్ళాను.

ఆ అమ్మాయి ఒక మాట గట్టిగా చెప్పింది. షిఫ్టు అయిపోగానే పట్టీ తీసేయాలి. ఇంటికి తీసుకెళ్ళకూడదు. చేతికి విశ్రాంతి ఇవ్వాలి.

కొన్నాళ్ళు ఆయన అలాగే చేశారు. తర్వాత దసరా వచ్చింది.

ఆయుధపూజ రోజు మిల్లు ఆపేస్తారు. మరలన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. పనిముట్లన్నీ అమ్మవారి పటం ముందు పేరుస్తారు. స్పానర్లు, సుత్తులు, ఫిట్టరు గంగులు వెల్డింగు గన్ను, నా గరిటె, వాటి మధ్య ఆయన పట్టీ. పంతులుగారు మంత్రం చదువుతూ పట్టీకి పసుపు రాసి, ఇదెవరిదని అడిగి, మా ఆయన కుడిచేతికి తానే కట్టారు. దండం పెట్టిస్తూ, అమ్మ నీకిచ్చిన కంకణం నాయనా, దీక్షగా చూసుకో అన్నారు. ఆయనకి ఆ మాటలు వినపడలేదు. నన్ను చూస్తే నేను అరచేతిలో "కంకణం" అని రాశాను. చుట్టూ ఉన్నవాళ్ళందరూ దండం పెట్టారు.

కంకణం కట్టాక దీక్ష ముగిసేదాకా విప్పకూడదని మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈ దీక్ష ఎప్పుడు ముగుస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన పట్టీతోటే ఇంటికి వచ్చారు. పట్టీతోటే స్నానం, పూజ, నిద్ర. యామిని అప్పటికి హైదరాబాదు వెళ్ళిపోయింది. అక్కడి నుంచే పంపు లెక్కలు చూసుకునేది. పంపు ఇంత బాగా ఎప్పుడూ నడవలేదని ఫోను చేసి మేనేజరుకి చెప్పిందట.

పంపు నిజంగానే బాగా నడిచింది. సెలవు రోజున మంచం మీద పడుకుని ఉన్న మనిషి ఉన్నట్టుండి లేచి, జల్లెడలో పీచు చేరతందని చెప్పి చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయేవారు. వెళ్ళి విప్పి చూస్తే నిజంగానే పీచు. ఇరుసు దగ్గర నూనె చెమర్చడం, మోటారుకీ పంపుకీ మధ్య కప్లింగు వంకర తిరగడం, అన్నీ ముందే తెలిసేవి. మిల్లులో ఆయన్ని చూస్తే లేచి నిలబడేవాళ్ళు. నాకూ గర్వంగానే ఉండేది.

కానీ ఇంట్లో ఆయన జవాబు చెప్పడం తగ్గిపోయింది.

మొదట చిన్న చిన్న మాటలు. "మజ్జిగ పోయనా" అని రాస్తే ఊరుకునేవారు. పరధ్యానం అనుకున్నాను. తర్వాత పెద్ద మాటలకీ అంతే. అమ్మాయి నెల తప్పిందని ఆయన అరచేతిలో రాశాను. ఆయన కిటికీలోంచి మిల్లు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను లోపలికి వెళ్ళి బియ్యం ఏరాను. ఆ తర్వాత అమ్మాయే స్కానింగు ఫోటో పంపితే చూసి ఎగిరి గంతేశారు, నాకు ముందు చెప్పలేదేంటని నా మీద విసుక్కున్నారు. చెబితే వినకుండా, చెప్పలేదని అనడం ఏమిటి?

అమ్మవారి ముందు కూర్చుని అడిగాను. పెద్దగా ఏం అడగలేదు. తల్లీ, ఆయనకి ఒక గొంతు వినిపించావు, మంచిది. అందుకోసం నా గొంతు తీసేసుకున్నావా అని.

ఒక శుక్రవారం గుళ్ళో తీర్థం ఇస్తున్నారు. ఆయన అరచెయ్యి దొప్పలా పట్టారు. పంతులుగారు పోసిన నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి ధారగా కారిపోయి ఆయన పంచె మీద పడ్డాయి. ఆయనకి తెలియలేదు. ఖాళీ చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళకద్దుకుని, తల మీద రాసుకున్నారు. నేను చూశాను. చూసి కూడా, మనసు ఎక్కడో పెట్టుకుని వచ్చారనే అనుకున్నాను. ఇంటికొచ్చాక నేను రాయడం మానేశాను. ఆయనా ఎందుకని అడగలేదు. ఒక ఇంట్లో ఇద్దరం సైగలతో బతకడం మొదలుపెట్టాం.

పంపు దగ్గర పనిచేసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పైపు విప్పాలన్నా, పంపు మూత తీయాలన్నా, ముందు కరెంటు కట్టేసి, స్విచ్చి బోర్డుకి తాళం వేసి, విప్పేవాడు తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి. బోర్డుకి ఎర్ర బిళ్ళ తగిలించాలి. పైపులో మిగిలిన ఒత్తిడి వదిలేశాకే బోల్టు మీద చెయ్యి వెయ్యాలి. ఈ పద్ధతి పెట్టించింది మా ఆయనే. పట్టీ వచ్చాక ఆ తాళం గోడ మేకుకే ఉండిపోయింది. బాబాయి చేతికి అంతా తెలుస్తుంటే తాళం ఎందుకు పిన్నీ అని గంగులు నాతోనే నవ్వుతూ అన్నాడు. గంగులు ఇద్దరు పిల్లల తండ్రి, చాలా జాగ్రత్త గల మనిషి. అతనే అలా అన్నాడు.

ఒక రోజు సాయంత్రం టీ పట్టుకుని పంపు గదికి బయల్దేరాను. దారిలో ట్యాంకు దగ్గర గంగులు నిచ్చెనెక్కి పైపు అతుకు బోల్టులు విప్పుతున్నాడు. నూనె కారుతోందట, మధ్యలో రబ్బరు మారుస్తున్నాడు. నన్ను చూసి, నాక్కూడా ఓ గ్లాసుంచు పిన్నీ అన్నాడు. సరేనని పంపు గదిలోకి వెళ్ళాను. లోపల మా ఆయన వాల్వులు తెరుస్తున్నారు. బయట నూనె నింపుకోడానికి టాంకరు లారీ వచ్చి నిలబడింది. గోడ వైపు చూశాను. తాళం మేకుకే ఉంది.

పళ్ళెం కింద పెట్టి పరుగెత్తి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను. "ఆగండి. గంగులు పైపు విప్పాడు" అని రాశాను. గబగబా, అరచెయ్యంతా, ఒకదాని మీద ఒకటి పడేలా రాశాను.

ఆయన నా వైపు చూసి నవ్వారు. ఎన్నాళ్ళకో నేను దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నానని ఆ నవ్వు. నా వేళ్ళని ఒకసారి మెత్తగా నొక్కి, ఇప్పుడే వస్తానన్నట్టు తలూపి, చెయ్యి విడిపించుకుని పచ్చ బటన్ నొక్కారు.

పంపు మూలిగింది. నేను బోర్డు మీదున్న ఎర్ర బటన్‌ని పిడికిలితో కొట్టాను. ఏదైనా తేడా వస్తే ఎర్రది కొట్టమని క్యాంటీను వాళ్ళతో సహా అందరికీ ఆయనే నేర్పారు. పంపు ఆగింది. బయట గంగులు అరుపు వినిపించింది. వెళ్ళి చూస్తే కొత్త రబ్బరు కోసం అప్పుడే ఒక మెట్టు దిగాడట, వేడి నూనె అతని తల ఉండాల్సిన చోటు మీదుగా ఎగజిమ్మి నిచ్చెన మీద పడింది. పాదం మీద పడ్డ చుక్కలకి పొక్కులు లేచాయి. అంతే. అతన్ని లారీ డ్రైవరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

మా ఆయన పంపు గది గచ్చు మీద కూలబడ్డారు. చెయ్యి చూసుకుంటున్నారు.

"నాకేం తెలీలేదే" అన్నారు. "లైను నిద్రపోతన్నట్టే ఉంది. నువ్వన్నా చెప్పకపోతివి."

డ్రమ్ముల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క అక్కడే ఉంది. దాంతో గచ్చు మీద రాశాను. "చెప్పాను. మీ చేతిలో రాశాను."

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. నేను ఇంకా రాశాను. మజ్జిగ సంగతి, అమ్మాయి సంగతి, నేను అడిగినవన్నీ. గచ్చు చాలక జరిగి జరిగి రాశాను. ఆయన నా వెనకే మోకాళ్ళ మీద జరుగుతూ చదివారు.

"నీకు నా మీద కోపవొచ్చి మానేశావనుకున్నాను" అన్నారు చివరికి. "అడిగితే ఏవంటావోనని అడగలేదు."

అంత పెద్ద మనిషి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చారు. నేను పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకరికొకరం బరువైపోయామని ఎవరి మటుకు వాళ్ళం అనుకుంటూ బతికామన్నమాట.

మర్నాడు యామిని వచ్చింది. ఆయన కళ్ళకి గుడ్డ కట్టి అరచేతిని దూదితో తాకింది, ఐసుముక్క పెట్టింది, పెన్ను మొనతో గీసింది. ఆయన ఒక్కటీ పోల్చుకోలేదు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. చెయ్యి నుంచి తలకి ఒకటే దారి అక్కా అంది నాతో. గెలల సీజనులో మిల్లు గేటు ముందు లారీలు నిండిపోతే సైకిలు కూడా లోపలికి రాలేదు కదా, అలాగ పంపు ఆ దారంతా నింపేసింది. రోజూ కొంతసేపు ఖాళీ చేస్తే సరిపోయేది. ఇప్పుడు పట్టీ పూర్తిగా తీసేస్తే స్పర్శ రావచ్చు, కొంతే రావచ్చు, రాకపోనూ వచ్చు.

"నేను పంపు లెక్కలే చూశాను. చెయ్యెలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు" అంది. ఆ పిల్లని చూస్తే జాలేసింది. కంకణం సంగతి మేమూ చెప్పలేదు కదా అన్నాను.

తీసేయడం ఆయనకి తేలిక కాదు. అది తీసేస్తే పంపు మళ్ళీ మూగది. గేటు దగ్గర కుర్చీ మళ్ళీ ఎదురుచూస్తుంది. నువ్వే చెప్పమని నన్ను అడిగారు. నేను సుద్దముక్క ముట్టుకోలేదు. ఒక మనిషికి తిరిగొచ్చిన చెవుల్ని కోసిమ్మని అడిగే హక్కు పెళ్ళానికైనా ఉంటుందా? నాకు తెలియలేదు. అమ్మవారిని అడిగినా ఆ రోజు దీపం మామూలుగానే వెలిగింది.

ఆయనే ఒక పరీక్ష పెట్టుకున్నారు. పైపులన్నీ సరిచూసి, గంగులు బదులు వచ్చిన మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని, పంపు నడిపించారు. కళ్ళు మూసుకుని నన్ను చేతిలో రాయమన్నారు. రాశాను. ఆయన మొహంలో పంపు హాయి కనబడుతోంది, నేను కనబడడం లేదు. తల అడ్డంగా ఊపారు. పంపు ఆపించారు. నూనె కదలిక పూర్తిగా నిలిచేదాకా ఆగి, మళ్ళీ రాయమన్నారు. నేను రాశాను. ఆయన నుదురు ముడిపడింది. చీకట్లో గోడ తడుముకుంటున్నవాడిలా వెతికారు.

"అది ఆగిపోయినా నువ్వు రాలేదే" అని కళ్ళు తెరిచారు. యామిని వైపు తిరిగి, "తీసేయమ్మా" అన్నారు.

నేనే అడ్డుపడ్డాను. కంకణం పంతులుగారు విప్పాలి కదా. కబురంపితే ఆయన వచ్చారు. జరిగింది విన్నారు. కంకణాన్ని పారే నీళ్ళలో వదలడం పద్ధతి అన్నారు. యామిని కంగారుగా, అందులో బ్యాటరీ ఉంది పంతులుగారూ, కాలవలో వెయ్యకూడదు అంది. అయితే అమ్మ పాదాల దగ్గర ఓ పూట ఉంచి నువ్వే పట్టుకుపో తల్లీ, నీళ్ళ బదులు నువ్వే దారి చూడు అన్నారు పంతులుగారు. విప్పేటప్పుడు మంత్రం ఏదీ చదవలేదు. మా ఆయన తల మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఇప్పుడు పంపు గదిలో పెద్ద గడియారాల్లాంటి మీటర్లు ఉన్నాయి. యామిని పంపిన దీపాల బోర్డు ఉంది. జల్లెడ పూడుకుంటే పసుపు దీపం, ఒత్తిడి పెరిగితే ఎర్ర దీపం. పంపు చెప్పేది కంటికి చెబుతుంది. మేనేజరు ఆయన్ని గేటుకి పంపలేదు. పైపు ఎవరు విప్పినా ముందు తాళం, తర్వాతే స్పానరు. తాళంచెవి జేబులో అయితే జారిపోతుందని గంగులు మొలతాడుకి కట్టుకుంటున్నాడు. అతని పెళ్ళాం చూసి నవ్వుతుందట.

మా ఆయనకి మాత్రం పంపు లేని వెలితి ఉంది. ఒక్కోసారి పని మధ్యలో చెయ్యి తెరిచి చూసుకుంటారు. అడగను. నేను ఎడమ చేతిలో రాయడం మొదలుపెట్టాను. ఎడమ అరచేతికి అక్షరాలు రావు. ఒక్కో అక్షరం పెద్దగా, నెమ్మదిగా, బియ్యంలో దిద్దించినట్టు రాయాలి. తప్పు చదివితే ఇద్దరం నవ్వుకుంటాం. మా మాటలు బాగా తగ్గాయి గానీ, పనికిమాలిన మాటని కూడా వృథా పోనివ్వడం లేదు.

నిన్న ఆదివారం సంతకెళ్ళాం. ఆయన ఎడమ చేతిలో కూరల సంచి, నిండా ఉంది. బెండకాయల దగ్గర నిలబడి, అలవాటు చొప్పున కుడిచెయ్యి అందుకుని రాసేశాను. రాశాక గుర్తొచ్చి, సంచి ఇటివ్వండని చెయ్యి చాపాను. ఆయన సంచి ఇవ్వలేదు. కదలకుండా నిలబడి కుడిచెయ్యి నా ముందే ఉంచారు. పక్కనే జనం తోసుకుంటున్నారు.

"'బె' అన్నావా?" అన్నారు.

నేను తలూపాను.

"తర్వాతది అందలేదు" అని, సంచి కింద పెట్టి కళ్ళు మూసుకున్నారు. "రాయి. తొందరేం లేదు."